ఎమర్జెన్సీకి యాభై ఏళ్లు: అప్పుడు మన సంఘాలు ఏం మాట్లాడాయి, ఇప్పుడేం మాట్లాడుతున్నాయి?

రేణిగుంట_రైల్వేకాలనీ | 22 జూన్ 2025, రాత్రి 9:10

అందరికీ వందనాలు. ఈ బుధవారంతో ఎమర్జెన్సీ పెట్టి యాభై ఏళ్లు నిండుతాయి. జూన్ 25ను సంవిధాన్ హత్యా దివస్‌గా పాటించాలని కేంద్రం పోయినేడాదే ప్రకటించింది కాబట్టి ఈ వారమంతా టీవీల్లో ఇదే నడుస్తుంది. ఎవరు జైలుకెళ్లారు, ఎవరు వెళ్లలేదని పార్టీలు వాదించుకుంటాయి. నేను అడిగేది వేరే. ఆ ఇరవై ఒక్క నెలలు మన క్రైస్తవ సంఘాలు ఏం చేశాయి? తిరుపతి, చిత్తూరు వైపు ఏ చర్చిలోనైనా దీని గురించి వాక్యంలో చెప్పగా విన్నారా? సండే స్కూల్ నుంచి చర్చిలోనే పెరిగిన నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, మన మధ్యే మనుషులు రెండుగా చీలిపోతున్నారు. ఎన్నికల తర్వాత ఒకే వరసలో కూర్చునేవాళ్లు ఒకరికొకరు వందనం చెప్పుకోవడం మానేసిన సంఘం నాకు తెలుసు. పోయిన సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ వచ్చినప్పుడు ఆఫీసులో మనల్ని చూసే చూపు మారింది. ఏప్రిల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీల మీద హైకోర్టు తీర్పు వచ్చింది. ప్రతిసారీ మన పెద్దల దగ్గర రెండే మాటలు. "ప్రార్థన చేయండి, నోరు విప్పకండి" అనైనా అంటారు, "మన మీద దాడి జరుగుతోంది, రోడ్డెక్కండి" అనైనా అంటారు. మధ్యలో ఇంకేమీ లేదా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనకు దెబ్బ తగిలినప్పుడే మాట్లాడే అలవాటు మనల్ని బలహీనం చేసింది. పక్కవాడి కోసం ఎన్నడూ మాట్లాడనివాళ్లు తమ కోసం అరిచినా ఊరు వినదు.

---

మోడరేటర్ | 22 జూన్, రాత్రి 9:40

మంచి ప్రశ్న. పార్టీలను తిట్టడానికి ఈ చోటు వాడొద్దు. ఏ సంఘాన్నీ, పాస్టరునూ పేరు పెట్టి ఆరోపించొద్దు. వేరే మతం వాళ్లు కూడా రాయవచ్చు, మర్యాదగా.

---

కొర్లగుంట_సంఘకాపరి | 22 జూన్, రాత్రి 10:25

బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు. మీ బాధ అర్థమైంది. కానీ కాపరిగా నిలబడి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. మాది అద్దె హాలు. కింద టైలరు షాపు, పైన మేము. ఓనరు మంచివాడే, అయినా మైకు కాస్త గట్టిగా పెడితే ఫోను వస్తుంది. నేను రాజకీయం మాట్లాడానని ఎవరో వీడియో తీసి పెడితే, మర్నాడు ఆ హాలు మాకు ఉండదు. రోడ్డున పడేది నేనొక్కణ్నే కాదు, కూలి పనికి వెళ్లి సాయంత్రం ప్రార్థనకు వచ్చే నలభై కుటుంబాలు.

అధికారులకు లోబడమనే రోమా 13 మనకు తెలుసు. రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపన చేయమని 1 తిమోతి 2 చెప్తుంది. పౌలు రోమీయులకు రాసిననాడు సింహాసనం మీద ఉన్నది నీరో. మంచి రాజు కాబట్టి లోబడండి అని ఆయన అనలేదు. సంఘం బతకాలి, సువార్త సాగాలి.

ఇంకో విషయం. పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పథకం ఉంది కదా. నేను తీసుకోవడం లేదు. తీసుకునే సోదరులను తప్పు పట్టను. పల్లె సంఘాల్లో ఆదివారం కానుక సంచిలో పడేది రెండు మూడు వందలు. పిల్లల ఫీజులు ఎట్లా కట్టాలి? వాళ్లను వెళ్లి ప్రవక్తలాగా మాట్లాడమనడం తేలిక.

---

పాకాల_కుర్రోడు | 22 జూన్, రాత్రి 10:41

అయ్యగారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ ప్రభుత్వం దగ్గర నెలనెలా డబ్బు తీసుకున్న నోరు, అదే ప్రభుత్వం తప్పు చేస్తే తెరుచుకుంటుందా? ఏ పార్టీ ఉన్నా సరే.

---

ఎస్వీయూ_చరిత్ర | 23 జూన్, ఉదయం 7:15

రేణిగుంట తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు. పెద్ద సభల, అంటే పెద్ద చర్చి సంస్థల, నాయకత్వాలు చాలావరకు మౌనంగానే ఉన్నాయి. క్రమశిక్షణ వచ్చింది, రైళ్లు వేళకు నడుస్తున్నాయి అని మెచ్చుకున్న క్రైస్తవ పెద్దలూ ఉన్నారు. కానీ అందరూ కాదు. కేరళలోని మార్తోమా సభకు 1947 నుంచి అధిపతిగా ఉన్న యూహానోన్ మార్తోమా, ఎమర్జెన్సీ ఎత్తేయమనీ, జైల్లో పెట్టిన నాయకులను వదిలేయమనీ ప్రధానమంత్రికే ఉత్తరం రాశారు. వృద్ధుడు. 1976 సెప్టెంబరులో కన్నుమూశారు, ఎమర్జెన్సీ పోవడం చూడకుండానే. బెంగళూరులో క్రైస్తవ సామాజిక అధ్యయన సంస్థను నడిపిన ఎం.ఎం. థామస్, సెన్సారు ఉన్న రోజుల్లో వ్యాసాలు రాసి నిరసించారు. ఆయన 1968 నుంచి 1975 దాకా ప్రపంచ సభల మండలి కేంద్ర కమిటీకి మోడరేటర్. అంత పెద్ద హోదాలో ఉన్నవాడు సర్దుకుపోదామనుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మన తెలుగమ్మాయి ఒకరున్నారు, ఆమె పేరు మన చర్చిల్లో ఎవరూ ఎత్తరు. స్నేహలతా రెడ్డి. ఆంధ్రలో పుట్టారు, క్రైస్తవంలోకి మారిన కుటుంబం. నాటకాల్లో, సినిమాల్లో నటించారు. 1976 మేలో, డైనమైట్ పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసు పేరుతో ఆమెను పట్టుకుని బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం ఉన్న మనిషి, సరైన వైద్యం అందలేదు. 1977 జనవరిలో పెరోలు మీద వదిలితే, రోజుల్లోనే చనిపోయారు. ఆమె భర్త పట్టాభిరామిరెడ్డిది నెల్లూరు, మన పక్క జిల్లా.

ఇక అసలు విషయం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1976లో. ఎమర్జెన్సీలో, ప్రతిపక్షం జైల్లో ఉండగా. విదేశీ హస్తం అనే మాట రోజూ రేడియోలో వినిపించే కాలంలో. అప్పుడు సభలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ చట్టమే 2010లో కొత్త రూపం తీసుకుంది, 2020 సవరణతో ఇంకా బిగిసింది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది, డబ్బు ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో పడాలన్నారు. ఈ రోజు మన హాస్టళ్లు, ఆసుపత్రులు లైసెన్సు రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్నది ఆ చట్టం వరసలోనే.

దీనికి పక్కన ఇంకో ఏడాది పెట్టి చూడండి. 1978 చివర్లో ఓ.పి. త్యాగి అనే ఎంపీ మతమార్పిడులను అదుపు చేసే బిల్లు లోక్‌సభలో పెట్టారు. అప్పుడు దేశమంతా క్రైస్తవులు ఊరేగింపులు తీశారు. మదర్ థెరెసా ప్రధాని మొరార్జీ దేశాయికి బహిరంగ లేఖ రాశారు. ఆ ప్రభుత్వం పడిపోయింది, బిల్లూ పోయింది. అంటే మనకు గొంతు ఉంది. 1975లోనూ ఉంది. ఎప్పుడు వాడుకున్నామనేదే ప్రశ్న.

---

చిత్తూరు_పెద్దాయన | 23 జూన్, ఉదయం 11:30

అమ్మాయ్, బాగా చెప్పినావు. నేను అప్పుడు పుంగనూరు దగ్గర ఒక పల్లెలో బడి అయ్యవారిని. వయసు ఇరవై ఆరు. పేపర్లో లేనివి రెండు మాటలు చెప్తా.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేసులు తెమ్మని మా అయ్యవార్లకు టార్గెట్టు పెట్టినారు. తేకపోతే జీతం ఆపుతామనేది. జీపు శబ్దం వింటే మా మాదిగపల్లెలో మగోళ్లు చెరుకు తోటల్లోకి దూరేది. వాళ్లంతా మా సంఘంలోనివాళ్లే. ఆదివారం ఆరాధనలో దేశం కోసం, ప్రధానమంత్రి కోసం వరసగా ప్రార్థన చేసేది. తోటలో దాక్కున్నోళ్ల కోసం ఎవరూ ఒక మాట అనలేదు. ఎవరో వద్దని అడ్డం పడినందుకు కాదు నాయనా. అది ప్రార్థనలో చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచలేదు, అంతే.

కానీ ఇంకో పక్క కూడా వినండి. మా జనానికి ఇందిరమ్మ అంటే తల్లి. ఇండ్ల స్థలాలు ఆ కాలంలోనే చేతికొచ్చినాయి. వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. తాత అప్పుకు మనవడు రెడ్డి ఇంట్లో గొడ్లు కాసేది పోతాదని చెప్తే ఎవరికి సంతోషం ఉండదు? 77లో దేశమంతా ఆమె ఓడిపోతే మన ఆంధ్రలో 42లో 41 సీట్లు ఆమె గుర్తు ఆవుదూడకే ఇచ్చినారు, నంద్యాల ఒక్కటి తప్ప. అందుకే పట్నంలో చదువుకున్నోళ్లు "మీరెందుకు ఎదిరించలేదు" అని అడిగితే, మా జనం దగ్గర జవాబు సులభంగా ఉండదు. కడుపుకు పెట్టిన చెయ్యి, గొంతు పట్టుకున్న చెయ్యి ఒకటే అయినప్పుడు మనిషి ఏం చేస్తాడు?

---

పాకాల_కుర్రోడు | 23 జూన్, మధ్యాహ్నం 12:05

తాతా, ఆఖరి వాక్యం 5,000 గురించి నేను అడిగినదానికి కూడా జవాబే. ఇంత లోతుగా ఆలోచించలేదు నేను.

---

పుత్తూరు_లూథరన్ | 23 జూన్, మధ్యాహ్నం 2:20

విదేశీ డబ్బు మాట వచ్చింది కాబట్టి మా వాళ్ల కథ చెప్పాలి. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి మూలం జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్. 1865లో సూళ్లూరుపేట దగ్గర మొదలై నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, తిరుపతి వైపు విస్తరించింది. 1914లో యుద్ధం రాగానే ఆ జర్మన్ దొరలు బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశస్థులయ్యారు. నిర్బంధంలో పెట్టారు, తర్వాత దేశం దాటించారు. నిన్నటిదాకా బడి, ఆసుపత్రి నడిపినవాళ్లు ఇవాళ లేరు. జీతం పంపే దేశంతో ఉత్తరాలు లేవు. ఆ తర్వాత అమెరికా నుంచి ఒహాయో లూథరన్లు వచ్చి పని అందుకున్నారు, కానీ మధ్యలో ఆరాధన నడిపింది ఎవరు? తెలుగు ఉపదేశులు, బడి పంతుళ్లు, వాళ్ల భార్యలు. మా ఇంట్లో పెద్దలు చెప్పుకునే మాట, చింతచెట్టు కింద ఆరాధన ఒక్క వారం కూడా ఆగలేదని.

దేశంలో రాజకీయం తిరగబడినప్పుడు బయట నుంచి వచ్చినవన్నీ ఒక్క ఉత్తర్వుతో పోతాయి. మన ఊళ్లో మన చేత్తో కట్టుకున్నది మిగులుతుంది. అందుకే లైసెన్సుల గురించి ఏడుస్తూ కూర్చోవడం కంటే మన కానుకలతో మన హాస్టలు నడపడం నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇది చట్టాన్ని సమర్థించడం కాదు.

---

తిరుచానూరు_వాసి | 23 జూన్, సాయంత్రం 6:50

నేను హిందువును, వైష్ణవ కుటుంబం. ఇక్కడ రాయవచ్చన్నారు కాబట్టి రాస్తున్నాను. చదువుతుంటే మీ లోపల ఇంత ఆలోచన ఉందని తెలిసి సంతోషం వేసింది. ఒక్క ప్రశ్న. పక్కవాడి కోసం మాట్లాడాలి అంటున్నారు. ఈ ఊళ్లో మీ పక్కవాళ్లం మేమే. కొండ మీద అన్యమత ప్రచారం జరిగిందని 2007కు ముందు మేమెంత బాధపడ్డామో మీకు తెలుసా? అప్పుడొచ్చింది ఆర్డినెన్సు, ఆ వెంటనే ఏడు కొండల మీద ఇతర మత ప్రచారం నిషేధిస్తూ జీవో 746. ఇచ్చింది వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం, ఆయన స్వయంగా క్రైస్తవుడు. ఆ ప్రచారం తప్పు అని మీ సంఘాల్లో బహిరంగంగా చెప్పినవాళ్లు ఎందరు? నేను ద్వేషంతో అడగడం లేదు.

---

గాజులమండ్యం_గళం | 23 జూన్, సాయంత్రం 7:30

అయ్యా, లడ్డూ గొడవలో మమ్మల్ని ఎన్ని మాటలన్నారు! సుప్రీంకోర్టు చెప్తే వేసిన సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) ఫిబ్రవరిలో అరెస్టు చేసిన నలుగురూ నెయ్యి సరఫరా వాళ్లు. మరి నెలల తరబడి వాట్సాప్‌లో క్రైస్తవుల కుట్ర అని తిప్పినవాళ్లు ఎవరైనా క్షమాపణ చెప్పారా? ఎప్పుడూ మేమే తగ్గాలా? నన్నడిగితే మన ఓట్లన్నీ ఒకచోట చేర్చి మన పార్టీ మనం పెట్టుకోవాలి. మన సీట్లు మనకు ఉండాలి. అప్పుడు ఎవడైనా వింటాడు.

---

కొర్లగుంట_సంఘకాపరి | 23 జూన్, రాత్రి 9:05

తిరుచానూరు సోదరా, మీ ప్రశ్న న్యాయమైనది. నా మట్టుకు నేను మా యౌవనస్థులకు ఎప్పుడూ చెప్పేది ఇదే: ఇంకొకరు మొక్కుకునే చోటికి వెళ్లి వాళ్ల మనసు గాయపరచడం సాక్ష్యం కాదు. దీన్ని ఈ ఆదివారం ఆరాధనలోనే చెప్తాను, మీరు వచ్చి వినొచ్చు. గాజులమండ్యం తమ్ముడి కడుపుమంట కూడా నిజమే. పుకార్లు మోసినవాళ్లు మా ఇళ్ల పక్కనే ఉన్నారు. ఆ చూపులు మా పిల్లలు బడిలో భరించారు.

---

ఎస్వీయూ_చరిత్ర | 23 జూన్, రాత్రి 10:00

గాజులమండ్యం తమ్ముడికి. మన సీట్లు మనకు అన్నావు. ఈ వాదన తొంభై ఏళ్ల కిందట నడిచింది, అప్పుడు మన పెద్దలు ఏమన్నారో వినాలి. బ్రిటిష్ వాళ్లు మతాల వారీగా ఓటర్లను విడగొట్టి భారత క్రైస్తవులకూ ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే, గట్టిగా వద్దన్నది దోర్నకల్ బిషప్ అజరయ్య. 1912లో మన దేశం నుంచి అభిషేకం పొందిన మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయన. తిరునల్వేలి వైపు తమిళుడు, జీవితం ధారపోసింది తెలుగు పల్లెల్లో, మాల మాదిగల మధ్య. సంఘం రాజకీయ జాతిగా మారిపోతే అందరికీ సాక్ష్యంగా ఉండే స్వేచ్ఛ పోతుందని ఆయన భయం. వైఎంసీఏ నాయకుడు కె.టి. పాల్ కూడా ప్రత్యేక నియోజకవర్గాలకు వ్యతిరేకి.

అట్లాగని అజరయ్య ఎవరికీ తలవంచలేదు. మతమార్పిడి విషయంలో గాంధీతో విభేదించారు, దళితులకు తమ దారి తాము ఎంచుకునే హక్కు ఉందన్నారు. సీట్లు వద్దన్న మనిషే హక్కు గురించి గట్టిగా నిలబడ్డాడు.

రాజ్యాంగ సభలోనూ ఇదే జరిగింది. మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, బెంగాల్ క్రైస్తవుడు. 1949లో మతం ఆధారంగా సీట్లు వదులుకోవడానికి ముందు నిలిచినవాళ్లలో ఆయన ఉన్నారు. అంతకు ముందు 1948 డిసెంబరులో ఇప్పటి 25వ అధికరణంలో మత ప్రచార హక్కు ఉండాలా అన్న చర్చ వచ్చింది. ఉండాలని వాదించినవాళ్లలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉన్నారు, ఇద్దరూ హిందువులే. దేశం చీలిపోయి నెత్తురు కారుతున్న కాలం అది. పక్కవాడి హక్కు కోసం అట్లా నిలబడ్డారు. మనం ఈ రుణం గుర్తుంచుకోవడం లేదు.

---

బైరాగిపట్టెడ_వకీలు | 24 జూన్, ఉదయం 8:20

హైకోర్టు తీర్పు మీద పుకార్లు ఎక్కువయ్యాయి, కొంచెం వివరంగా రాస్తాను.

2025 ఏప్రిల్ 30న వచ్చిన తీర్పు ఒక పాస్టరు గారు పెట్టిన కేసులోది. క్రైస్తవంలోకి మారి, ఆ విశ్వాసాన్నే ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని కోర్టు చెప్పింది. దీనికి వేరు 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. మూడో పేరా ప్రకారం హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇదే విషయం చూడమని 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు బీసీ-సి, 1 శాతం రిజర్వేషన్. 1977 ఆగస్టు నాటి జీవో 341 కొన్ని ఆర్థిక రాయితీలు ఎస్సీలతో సమానంగా ఇస్తుంది, కానీ దాంతో ఎస్సీ హోదా రాదు. ఈ తేడా తెలియక చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

తిరుమల దేవస్థానం ఉద్యోగాలు హిందువులకే ఎందుకని కూడా ఎవరో నాకు మెసేజ్ పెట్టారు. మత సంస్థ వ్యవహారాలకు చెందిన పదవిలో ఆ మతం వాళ్లే ఉండాలనే చట్టం చేయడానికి 16వ అధికరణం, 5వ ఖండం వీలిస్తుంది. దాన్ని వివక్ష అని కేకలు వేయడం చట్టం తెలియకపోవడమే. ఆసుపత్రి, కాలేజీ ఉద్యోగాలకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న, అక్కడ వాదించడానికి చోటుంది. గొంతు ఎక్కడ ఎత్తాలో తెలియాలంటే ముందు ఇది చదవాలి.

---

ఏర్పేడు_అమ్మాయి | 24 జూన్, ఉదయం 9:00

సార్, మా ఊళ్లో అందరి సర్టిఫికెట్టులో ఎస్సీ, హిందూ. ఆదివారం అందరం చర్చిలో. ఊరి బావి దగ్గర జరిగే అవమానం మతం చూసి జరగదు, కులం చూసే జరుగుతుంది. రేపు ఎవరైనా కొడితే కేసు పెట్టాలంటే మేం ప్రభువును కాదనాలా? దీని గురించి మా పాస్టరు గారు మాట్లాడరు. మాట్లాడితే అందరి కాగితాలు బయటపడతాయని భయం. నాకు కోపం రాదు ఆయన మీద. కానీ నిద్ర పట్టడం లేదు.

---

విచారణ_అక్క | 24 జూన్, మధ్యాహ్నం 1:15

ఏర్పేడు చెల్లీ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మాది కేథలిక్ విచారణ (పారిష్). మా దగ్గర పూజలో విశ్వాసుల ప్రార్థన ఉంటుంది, ఒక్కో వారం ఒక్కరు విన్నపాలు రాసి చదువుతారు. ఈ చర్చ నాకు అక్కడే తగిలింది. పోపు గారి కోసం, ప్రభుత్వం కోసం, వర్షాల కోసం, రోగుల కోసం రాస్తాం. స్టాన్ స్వామి గారు జైల్లో ఉన్నంత కాలం ఆయన పేరు ఎన్ని విచారణల్లో చదివారు? 84 ఏళ్ల యేసుసభ గురువు. జార్ఖండ్ ఆదివాసీ యువకులు విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్నారని వాళ్ల కోసం కోర్టుకెక్కిన మనిషి. 2020 అక్టోబరులో అరెస్టు చేశారు, 2021 జూలై 5న బెయిలు రాకుండానే ఆసుపత్రిలో చనిపోయారు. ఆయన క్రైస్తవుల హక్కుల కోసం జైలుకు పోలేదు. ఆయన కాపాడాలనుకున్న ఆదివాసీల్లో ఎందరో క్రైస్తవులే కాదు.

మణిపూర్‌కు మనం కొవ్వొత్తులు వెలిగించాం, వెలిగించాలి కూడా. అక్కడ చర్చిలు కాలిపోయాయి. కానీ ఎక్కువమంది హిందువులైన మైతేయి తల్లులు కూడా బిడ్డలను పోగొట్టుకున్నారు. వాళ్ల పేరు విన్నపంలో పెడితే మా విచారణలో ఒకాయన "వాళ్లెందుకు" అన్నాడు. పేరు పెట్టే చదివాను.

పాస్టరు గారూ, హాలు పోతుందన్న మీ భయం నిజమే. రోడ్డెక్కమని నేను అనడం లేదు. ప్రార్థనలో పేరు పెట్టి చెప్పడానికి ఓనరు అనుమతి అక్కర్లేదు కదా? చిత్తూరు పెద్దాయన చెప్పిన చెరుకు తోటలో మనుషుల్లాంటివాళ్లు ఇప్పుడూ ఉన్నారు, మన ఎదురుగానే. పేరు పలకడంతోనే సంఘానికి కళ్లు తెరుచుకుంటాయి. అధికారుల కోసం ప్రార్థించమన్న పౌలే, తనను చట్టవిరుద్ధంగా కొట్టి చెరలో వేసిన ఫిలిప్పీ అధికారులు వచ్చి బయటికి తీసుకుపోతే గానీ కదలనన్నాడు, అపొస్తలుల కార్యములు 16లో చూడండి. లోబడటం అంటే తప్పును తప్పు అనకపోవడం అని ఆయన అనుకోలేదు.

---

తిరుచానూరు_వాసి | 24 జూన్, సాయంత్రం 5:40

ఏర్పేడు చెల్లెమ్మ రాసింది నన్నూ వదలడం లేదు. బావి దగ్గర జరిగేది మా వైపు తప్పు. మా వీధి సంఘంలో మాట్లాడతాను. లడ్డూ విషయంలో పుకార్లు మా గ్రూపుల్లోనూ తిరిగాయి, ఇకపై చూస్తే అక్కడే ఆపుతాను.

---

గాజులమండ్యం_గళం | 24 జూన్, సాయంత్రం 6:25

అజరయ్య గారి సంగతి తెలియదు అక్కా. పార్టీ గురించి నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఆయన కాలంలో మనుషులకు సిగ్గు ఉండేది, ఇప్పుడు లెక్కే మాట్లాడుతుంది. కానీ పోరాడితే ఏర్పేడు చెల్లెలి బావి కోసం పోరాడాలి, ముందు అది.

---

కొర్లగుంట_సంఘకాపరి | 24 జూన్, రాత్రి 9:50

విచారణ అక్కా, ఫిలిప్పీ సంగతి నేను చాలాసార్లు బోధించాను, భూకంపం గురించి, చెరసాల నాయకుడి రక్షణ గురించి. ఆ ఆఖరి భాగం దగ్గర ఇంతసేపు ఆగలేదు. రాజకీయ ప్రసంగం నేను చేయను, ఈ విషయంలో నా మనసు మారలేదు. కానీ 29వ తేదీ ఆదివారం ప్రార్థనలో వీటిని పేరు పెట్టి చేరుస్తున్నాను: బెయిలు లేక జైళ్లలో ఉన్నవాళ్లు ఏ మతం వాళ్లయినా సరే, మణిపూర్‌లో ఇరువైపులా ఇల్లు పోయినవాళ్లు, కులం పేరుతో దెబ్బలు తిన్నవాళ్లు, మన ఊరి గుడికి వచ్చే యాత్రికులు, మన ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి. అన్నీ ఒకే ప్రార్థనలో. సర్టిఫికెట్ల విషయం మాత్రం వేదిక మీద ఎత్తను. అది మనుషుల బతుకు. దాన్ని వకీలు గారి లాంటివాళ్లు గది తలుపు వేసుకుని మాట్లాడాలి.

---

రేణిగుంట_రైల్వేకాలనీ | 24 జూన్, రాత్రి 10:15

అయ్యగారూ, చాలు. ఎమర్జెన్సీ గురించి కూడా ఒక్క వాక్యం చేర్చండి. స్నేహలతా రెడ్డి పేరు చెప్పండి, ఎవరో ఒకరు ఇంటికెళ్లి వెతుక్కుంటారు. వకీలు సార్, సర్టిఫికెట్ల మీద మాట్లాడే మీటింగు పెట్టగలరా? హాలు నేను చూస్తాను.

---

బైరాగిపట్టెడ_వకీలు | 25 జూన్, ఉదయం 6:40

పెడతాను. మైకు వద్దు, వీడియో వద్దు, ఫోన్లు బయట. వచ్చేవాళ్లు కుల ధ్రువీకరణ పత్రం, బడి టీసీ, బాప్తిస్మ పత్రం ఉంటే అదీ తెచ్చుకోండి. ఎవరి కాగితం ఇంకొకరికి చూపించను. ఏర్పేడు అమ్మాయీ, నువ్వు ముందు మెసేజ్ పెట్టు. కులం పేరుతో కొడితే మామూలు క్రిమినల్ చట్టం కింద కేసు ఎప్పుడైనా పెట్టొచ్చు, దానికి మతం అడ్డం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద పెట్టాలా వద్దా అన్నది కాగితాలు చూశాకే చెప్పగలను. ప్రభువును కాదనమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.